ఓడని జట్టుకు ఐదో స్థానం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో విశ్వవిద్యాలయాల జట్లు ఆడే ఫుట్‌బాల్‌లో జాతీయ విజేతను తేల్చే పద్ధతి మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తుతూ, విసురుతూ ఆడే ఆట. ఆ బంతిని విసిరి దాడిని నడిపించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఈ ఒక్క పేరు గుర్తుంచుకుంటే చాలు, కథంతా అతని చుట్టూనే తిరుగుతుంది.

పై స్థాయిలో 130కి మించి జట్లున్నాయి, ఒక్కో జట్టుకు మామూలు సీజన్‌లో దక్కేవి 12 మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడే వీలు లేదు కనుక ఎవరో కొందరు కూర్చుని స్థానాలు నిర్ణయించక తప్పడం లేదు. 1936 నుంచి పాత్రికేయుల ఓట్లు, 1998 నుంచి ఓట్లకు తోడు కంప్యూటర్ లెక్కలు, 2014 నుంచి ఒక ఎంపిక సంఘం. ఆ సంఘం నాలుగు జట్లను ఎంచితే, ఆ నాలుగూ సెమీఫైనళ్ళు, ఫైనల్ ఆడేవి.

ఇప్పుడు 2023కు వద్దాం. ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టాలహాసీలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లోనే ఎల్.ఎస్.యు. (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) వంటి గట్టి జట్టును 45-24తో ఓడించి, ఆ తరువాత వరసగా గెలుస్తూ వచ్చింది. నవంబరు 18న, పెద్దగా పోటీ ఇవ్వలేని ఒక జట్టుతో ఆడుతుండగా, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతణ్ణి బండిలో మైదానం దాటించారు. మరుసటి వారం రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్ జట్టును గెలిపించాడు గాని, ఆ మ్యాచ్‌లో అతని తలకు దెబ్బ తగిలింది. డిసెంబరు 2న షార్లెట్ నగరంలో లూయీవిల్ జట్టుతో జరిగిన తమ కాన్ఫరెన్స్, అంటే తమలో తాము పోటీపడే కొన్ని జట్ల కూటమి, ఫైనల్‌కు మిగిలింది మూడో వాడు, అప్పుడే కళాశాలలో అడుగుపెట్టిన బ్రాక్ గ్లెన్. ఆ కుర్రవాడి చేత పెద్ద సాహసాలు చేయించకుండా, డిఫెన్స్ మొత్తం నడుం బిగించి ప్రత్యర్థిని ఆరు పాయింట్ల దగ్గర ఆపింది. 16-6. చూడముచ్చటైన ఆట కాదు, నిజమే, కాని గెలుపు. పదమూడు మ్యాచ్‌లు, పదమూడు గెలుపులు.

మర్నాడు మధ్యాహ్నం సంఘం జాబితా ప్రకటించింది. మొదట మిషిగన్, తరువాత వాషింగ్టన్. ఆ రెండూ ఒక్క మ్యాచ్ కూడా ఓడనివి, వాటిమీద ఎవరికీ పేచీ లేదు. మూడోది టెక్సస్, నాలుగోది అలబామా. ఈ రెండూ చెరొక మ్యాచ్ ఓడినవి. టెక్సస్ విశ్వవిద్యాలయం ఉన్న ఆస్టిన్‌లో చదువుకున్న తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు, టెక్సస్‌కు చోటు దక్కినందుకు వాళ్ళు పొందిన సంతోషాన్ని నేను కాదనను; సెప్టెంబరులో టెక్సస్ అలబామాను అలబామా సొంతగడ్డ మీదే ఓడించింది కూడా. కాని పదమూడు మ్యాచ్‌లు, పదమూడు గెలుపులు ఉన్న ఫ్లోరిడా స్టేట్‌కు ఐదో స్థానం ఇచ్చారు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా విజేతగా నిలిచిన జట్టును ఈ పద్ధతిలో పక్కన పెట్టడం అదే మొదటిసారి. ట్రావిస్ లేని జట్టు ఇకపై మునుపటిలా ఆడలేదని సంఘం భావించింది. తన కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేదని, అప్పుడు జట్టు సత్తా తను లేకుండానే అందరికీ తెలిసేదని ట్రావిస్ ఆ రోజే రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటిన కుర్రవాడి చేత అంత మాట అనిపించిన పద్ధతిని నేను సమర్థించలేను.

సంఘం జోస్యమే నిజమైందని వాదించేవారు ఉన్నారు. ఆ డిసెంబరు 30న, సీజన్ చివర విడిగా జరిగే ఆరెంజ్ బౌల్ అనే మ్యాచ్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో చిత్తుగా ఓడింది కదా అంటారు. కాని ఆశ పోయాక ఆ జట్టులో ఇరవై మందికి పైగా ఆ మ్యాచ్ ఆడలేదు. అక్కడ ఓడింది లూయీవిల్‌ను ఆపిన జట్టు కాదు. పైగా ఇదే పద్ధతి మొదలైన 2014లో ఒహాయో స్టేట్ జట్టు కథ వీళ్ళకు గుర్తుండాలి. అక్కడ కూడా మొదటి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ గాయపడ్డారు. మూడో వాడు కార్డేల్ జోన్స్ తన కాన్ఫరెన్స్ ఫైనల్‌ను 59-0తో గెలిపించాడు, ఆ జట్టును నాలుగో స్థానంలో తీసుకున్నారు, ఆ మూడో వాడితోనే అది అలబామాను, తరువాత ఒరెగాన్‌ను ఓడించి జాతీయ విజేత అయింది. జోన్స్ జట్టు 59 పాయింట్ల తేడాతో గెలిచింది, గ్లెన్ జట్టు పదింటితో గెలిచింది. ఆ తేడాను చూసే ఒకరికి తలుపు తీసి, ఇంకొకరికి మూశారా? అలాగైతే ఎంత తేడాతో గెలవాలో సీజన్‌కు ముందే చెప్పవలసింది.

2024 మేలో బెంగళూరులో జరిగిన ఐ.పి.ఎల్. మ్యాచ్ మీలో చాలామంది చూసే ఉంటారు. చెన్నై ఓడినా సరే, 201 పరుగులు చేస్తే ప్లేఆఫ్స్‌కు వెళుతుందని అందరికీ తెలుసు. చెన్నై 191 దగ్గర ఆగింది, బెంగళూరు ముందుకు వెళ్ళింది. అభిమానులు బాధపడ్డారు గాని, మాకు తెలియని లెక్కతో ఓడించారని మాత్రం ఎవరూ అనలేదు.

2024 నుంచి నాలుగు జట్లకు బదులు పన్నెండింటిని తీసుకుంటున్నారు, అందులో ఐదు చోట్లు కాన్ఫరెన్స్ విజేతలకు కేటాయించారు. ఇది మేలైన మార్పే. ఆ ఏడాది చివరి జాబితాలో ఆరో స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్, పాత పద్ధతిలో గడప కూడా దాటలేనిది, ఏకంగా జాతీయ విజేత అయింది. సంఘం అంచనాల విలువ ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది. అయితే ఇక తగాదా నాలుగు, ఐదు స్థానాల దగ్గర కాక పన్నెండు, పదమూడు స్థానాల దగ్గర మొదలవుతుంది, అంతే.

అందుకే నేను అడిగేది జట్ల సంఖ్య గురించి కాదు. ముఖ్యమైన ఆటగాళ్ళు లేకపోవడం ఇకమీదట జట్టు ఆటను దెబ్బతీసేలా ఉంటే దాన్ని కూడా పరిగణించవచ్చని 2023 నాటి సంఘం మార్గదర్శకాల్లో ఒక వాక్యం ఉండేది. ఫ్లోరిడా స్టేట్‌ను బయట నిలబెట్టింది ఆ వాక్యమే. జరిగిన మ్యాచ్‌ల్లో గాయాల ప్రభావాన్ని చూడటం వేరు, జరగని మ్యాచ్‌లో ఏమవుతుందో ఊహించడం వేరు. ఆ రెండోదానికి ఏ సంఘం మార్గదర్శకాల్లోనూ చోటు ఉండకూడదు. ఆగస్టులో మొదటి మ్యాచ్ మొదలయ్యేలోగా ఆ మాట రాసి, అన్ని జట్లకూ పంపాలి.

నమస్కారం.