తాతయ్యకి మీరు, నానమ్మకి నువ్వు | మ్యూనిక్‌లో మా ఆదివారం

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? మ్యూనిక్‌లో ఆదివారం పొద్దున్న తొమ్మిదైంది. ఆదివారం ఇక్కడ దాదాపు సూపర్ మార్కెట్లన్నీ మూసేస్తారు కదా, బేకరీలు మాత్రం కాసేపు తీసి ఉంచుతారు. పిల్లలిద్దర్నీ తీసుకుని అక్కడికే వెళ్ళొస్తున్నాం. ఎవర్ని నువ్వు అనాలి, ఎవర్ని మీరు అనాలి అన్నది పిల్లలకి ఎలా అలవాటు చేస్తున్నామో ఇవాళ చెప్తాను. మా ఇంట్లో ఇది పెద్ద పంచాయితీ.

బేకరీ లోపల కెమెరా ఆపేశాను, ఇక్కడ అడక్కుండా మనుషుల్ని వీడియో తీస్తే ఒప్పుకోరు. అందుకని నోటితోనే చెప్తాను. మా నాలుగేళ్ళవాడు అద్దానికి ముక్కు ఆనించి, కౌంటర్ ఆవిడతో "హాస్ట్ డూ క్రాప్ఫెన్?" అన్నాడు. నీ దగ్గర క్రాప్ఫెన్ ఉందా అని. లోపల జామ్ పెట్టి నూనెలో వేయించే బన్ను లెండి అది. ఆవిడకి యాభై దాటే ఉంటాయి, నవ్వేసి తీసిచ్చారు. వెంటనే మా ఎనిమిదేళ్ళది తమ్ముణ్ణి పక్కకి లాగి, "హాబెన్ జీ ఆవుఖ్ బ్రేట్సెన్?" అని చాలా పద్ధతిగా అడిగింది. మీ దగ్గర బ్రేట్సెన్, అంటే ముడి వేసినట్టుండే రొట్టెలు, కూడా ఉన్నాయా అని. మన నువ్వు, మీరు లాగే వీళ్ళకి డూ, జీ. దాంతోపాటు క్రియ కూడా మారిపోతుంది. ఆవిడ మాత్రం మా పిల్లలిద్దరితోనూ డూ అనే మాట్లాడారు, చిన్నపిల్లలు కదా.

వాడిది తప్పని ఎవరూ అనరు. కిండర్‌గార్టెన్‌లో టీచర్లని కూడా పేరు పెట్టి, డూ అనే పిలుస్తారు. స్కూలు మొదలయ్యాక ఇంటిపేరు ముందు ఫ్రావ్ (ఆడవాళ్ళకి), హెర్ (మగవాళ్ళకి) చేర్చి పిలవడం నేర్పిస్తారు. ఒకటో తరగతి పిల్లలు ఫ్రావ్ ఫలానా అని పిలిచి, ఆ వెంటనే డూ అనేస్తుంటారు, టీచర్లూ చూసీ చూడనట్టు వదిలేస్తారు. తర్వాత నెమ్మదిగా సరిచేస్తారు. నాకు బాగా నచ్చేది ఏంటంటే, పెద్ద తరగతులకి, మామూలుగా పదకొండు దగ్గరికి వచ్చేసరికి, టీచర్లే పిల్లల్ని జీ అనడం మొదలుపెడతారు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని టీచరు మీరు అనడం మన దగ్గర ఊహించుకోండి!

పెద్దవాళ్ళ మధ్య డూ లోకి మారాలంటే వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళే ముందు అనాలి, "మనం డూ అనుకుందామా" అని. చిన్నవాళ్ళు చొరవ తీసుకుంటే బాగోదు. కంపెనీలు మాత్రం ఈ మధ్య మారిపోతున్నాయి. ఐకియా అయితే ఇక్కడ కస్టమర్లందరినీ డూ అనే అంటుంది. వాళ్ళ దేశం స్వీడన్‌లో 1960ల చివర్లోనే మీరు అనడం దాదాపు మానేశారు కదా మరి.

ఇంత వ్యవహారం తెలిసిన పిల్లకి తెలుగులో మీరు అనడం ఎంతసేపు అనుకుంటారు కదూ? ఇంటికొచ్చి రాజమండ్రికి వీడియో కాల్ చేశాం. ఎత్తగానే, "తాతయ్యా, నువ్వు తిన్నావా?" నాన్న మురిసిపోయారు. పక్కన కూర్చున్న మా పెదనాన్న మాత్రం కళ్ళజోడు పైకి తోసి ఒక చూపు చూశారు. కాల్ అయ్యాక, తాతయ్యని మీరు అనాలమ్మా అంటే అది ఏమందో తెలుసా? "జీ బయటివాళ్ళకి కదా, తాతయ్య మనవాళ్ళే కదా!"

దాని లెక్కలో న్యాయం ఉందండీ. జర్మన్లు అమ్మమ్మని, తాతయ్యని డూ అనే అంటారు. జీ అంటే కొత్తవాళ్ళు, దూరం. మా వైపేమో సొంత తాతయ్యకే మీరు, రోడ్డు మీద కనిపించే ఎవరి పిల్లాడికైనా నువ్వు. జర్మన్‌లో చూసేది చనువు, మా తెలుగులో ముందు చూసేది వయసు. అందుకే జర్మన్ జీ చూపించి తెలుగు మీరు నేర్పుదాం అనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, అది సగం దూరమే పనికొస్తుంది.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. విదేశాల్లో మన పిల్లలకి తెలుగంటే అమ్మానాన్న తమతో మాట్లాడే తెలుగే. రా, తిను, పడుకో, బూట్లు తీయ్. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చేది లేదు, "రండి, కూర్చోండి, కాఫీ తాగుతారా" అన్న మాట చెవిన పడేదీ లేదు. వినని మాట నోటికెలా వస్తుంది? ఊళ్ళో పెరిగిన పిల్లలకి ఇది ఎవరూ నేర్పరు, గుమ్మం దగ్గర రోజూ వింటారు కాబట్టి వచ్చేస్తుంది.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో దుకాణం ఆట నడుస్తోంది. ఇదిగో చూడండి, సోఫా మీద వరసగా బొమ్మలు. ఏనుగు తాతగారు, కుందేలు చిన్నపాప. మా అమ్మాయిది షాపు. "రండి తాతగారూ, ఏం కావాలండీ? బెండకాయలు లేవండీ, రేపు రండి." కుందేలు రాగానే, "నీకేం కావాలే? డబ్బులు తెచ్చావా?" రెండో రోజుకే ఏనుగుతో బేరం కూడా అండీ పెట్టి ఆడేస్తోంది. నేను కూడా వీళ్ళని అప్పుడప్పుడు "భోజనానికి రండి, చేతులు కడుక్కోండి" అని పిలుస్తాను. గోదావరి జిల్లాల్లో పసిపిల్లల్ని కూడా ఇలా అండీ పెట్టి ముద్దు చేసే ఇళ్ళు ఉన్నాయి, నాకేం వింత కాదు. మావారికి మాత్రం నవ్వాగదు.

మావారిది కరీంనగర్. వాళ్ళమ్మని నువ్వు అనే అంటారు, ఆవిడకీ అదే ఇష్టం. ఒకసారి మా అమ్మాయి ఫోన్‌లో, "నానమ్మా, మీరు ఎట్లున్నారు?" అంటే, "నేనేమన్న సుట్టమా బిడ్డా, మీరంటున్నవ్?" అని ఆవిడ నొచ్చుకున్నారు. ఆవిడ దగ్గర నువ్వు అంటేనే ప్రేమ. మా నాన్న దగ్గర మీరు అనకపోతే పెదనాన్నకి కోపం. ఇందులో ఏదో ఒకటి ఖాయం చేసి, అందరికీ అదే వాడమంటే ఒక వైపు వాళ్ళని పోగొట్టుకుంటాం అని నా అభిప్రాయం. అందుకే రూల్ చెప్పడం మానేసి మనుషుల్ని చెప్తున్నాం. ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళనే అడగమన్నాం. జర్మన్లు అడుగుతారు కదా, మనం అడిగితే తప్పేంటి?

డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, ముందు కరీంనగర్‌లో పెళ్ళి, తర్వాత రాజమండ్రి. మా అమ్మాయి అప్పుడే ఫోన్లు చేసి అందర్నీ అడిగేస్తోంది. పెదనాన్న మీరు. నానమ్మ నువ్వు. మేనత్త, "నీ ఇష్టం బిడ్డా" అనేసరికి చాలాసేపు ఆలోచనలో పడింది. పిన్ని మాత్రం, "మీరు అన్నావంటే ఫోన్ పెట్టేస్తా, నన్ను ముసలిదాన్ని చేస్తావా!" అందట.