మనిషి ఒక్కడు, కారు రెండు టన్నులు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు ఉంది. ఏటా ఆగస్టులో పాత కార్ల అభిమానులు వేల బళ్ళతో అక్కడికి చేరతారు. ఆ ప్రాంతపు కార్ల కంపెనీలలో పనిచేసే మన తెలుగు ఇంజనీర్లకు ఆ సందడి కొత్తకాదు. మధ్యరకం కారులో పెద్ద ఇంజను బిగించి 1964లో పాంటియాక్ జీటీఓను తెచ్చారు. మజిల్ కార్లనే ఇలాంటి బలమైన బళ్ళ జోరు దానితోనే మొదలైంది.

ఆ వంశంలో మేటి డాడ్జ్ చాలెంజర్ హెల్‌క్యాట్. ఎనిమిది సిలిండర్లు, 6.2 లీటర్ల ఇంజను, 707 హార్స్‌పవర్. పొడవు అయిదు మీటర్లు, బరువు రెండు టన్నులు. ఆ ఇంజను గర్జన నాకు నిజంగా ఇష్టం. దాన్ని మలిచినవారి పనితనానికి చేతులెత్తి నమస్కరిస్తాను.

మరి ఎంజీ కామెట్? మన దేశంలో 2023లో అమ్మకానికి వచ్చిన ఈ విద్యుత్ కారు పొడవు మూడు మీటర్లలోపే. శక్తి సుమారు 41 హార్స్‌పవర్. అంటే పదిహేడో వంతు! అయినా ఊళ్ళో తిరగడానికి నేను దీన్నే ఎంచుకుంటాను.

ఎందుకంటే నగరంలో కారు చేసే పని పరుగు కాదు. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. విద్యుత్ మోటారు ఆగి ఉన్న బండిని మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. వేగం తగ్గించినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీలో చేరుతుంది. పెట్రోలు బండికి ఆ వీలు లేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ, రెండు టన్నులను కదిలించడానికి కాల్చిన పెట్రోలు ఉత్త వేడిగా మారిపోతుంది. అమెరికా ప్రభుత్వ కొలతల్లో హెల్‌క్యాట్ నగరంలో లీటరుకు అయిదున్నర కిలోమీటర్లే ఇచ్చింది.

కరెంటు మాత్రం రామగుండం, సింహాద్రి బొగ్గు నుంచి రావడం లేదా అని అడుగుతారు. వస్తోంది. అందుకే బండి చిన్నదిగా ఉండాలంటాను. కామెట్ బ్యాటరీలో పట్టేది 17.3 యూనిట్లు. దానితో 230 కిలోమీటర్లు వెళ్ళవచ్చని కంపెనీ మాట. రోడ్డు మీద అంతకు తక్కువే వస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేవారికి ఇది తగిన బండి కాదు. ఆఫీసుకు, బడికి, కూరగాయల బజారుకు చక్కగా సరిపోతుంది.

చాలెంజర్ తయారీ 2023 చివర్లో ఆగిపోయింది. మరుసటి ఏడాది డాడ్జ్ కంపెనీయే చార్జర్ డేటోనా అనే విద్యుత్ కారును తెచ్చింది. పాత ఇంజను గర్జన వినిపించే ఏర్పాటు కూడా అందులో పెట్టారు. పొగ పోయింది, బరువు మాత్రం రెండున్నర టన్నులు దాటింది. దాని బ్యాటరీ సుమారు 100 యూనిట్లది. అంత కరెంటుతో అయిదు కామెట్లను నిండుగా చార్జి చేయవచ్చు.