నీరే కాదు, గ్యాసూ పల్లమెరుగు

నమస్కారమండీ. "గ్యాస్ వాసనొచ్చిందండి, వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేశాం." అమలాపురం వెళ్ళినా, భీమవరం వెళ్ళినా ఇదే మాట. విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది. గ్యాస్ పైకి పోతుందనుకుంటారు, పైనున్న ఫ్యాన్ లాగేస్తుందనుకుంటారు. పోదండీ. పైగా ఆ స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వే ఇల్లంతా అంటించగలదు.

సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ఇవి గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. తూము తీశాక నీళ్ళు చేలో ఎలా నడుస్తాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. చప్పుడు లేకుండా ముందు పల్లపు మడి నిండుతుంది, గండి దొరికితే పక్క చేలోకి దిగుతుంది. వంటింట్లో గ్యాస్ నడకా అదే. నేలంతా పరుచుకుంటుంది. నిలబడ్డ మీ ముక్కుకి కొద్దిగా వాసనొచ్చిందంటే పాదాల దగ్గర ఇంకా ఎక్కువుండొచ్చు.

ఇప్పుడు మీ ఇంట్లో గట్లు ఎక్కడున్నాయో చూడండి. మన పాతిళ్ళలో పసుపు రాసిన ఎత్తు గడపలుంటాయి. నాకు చాలా ఇష్టం అవి. కానీ గ్యాస్‌కి ఆ గడపే గట్టు. తలుపు తీసినా కొంత లోపలే నిలిచిపోతుంది. అందుకే వీధి గుమ్మం, పెరటి గుమ్మం రెండూ బార్లా తీసి, గాలి అటూ ఇటూ ఆడేలా చాలాసేపు వదిలెయ్యాలి. కొత్తిళ్ళలో సిలిండర్‌ని స్టౌ బల్ల కింద అరలో పెట్టి తలుపు బిగిస్తున్నారు. అది తూము లేని మడి! ఆ తలుపుకి అడుగున కన్నాలు పెట్టించండి, దయచేసి.

గాలిలో నూటికి 2 పాళ్ళు గ్యాస్ కలిస్తే చాలు, అంటుకుంటుంది. మరి నిప్పెక్కడుంది? ఫ్రిజ్ అడుగున కంప్రెసర్ దగ్గర, దేవుడి మూల నేలమీద పెట్టిన దీపంలో. రెండూ పల్లంలోనే ఉన్నాయి చూశారా?

మామిడికుదురు మండలం నగరం గ్రామాన్ని మనం మరిచిపోకూడదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైను నుంచి లీకైన గ్యాస్ ఇళ్ళ మధ్య పరుచుకుంది, నిప్పు తగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. అది సిలిండర్ గ్యాస్ కాదు. కానీ నిప్పు తగిలేదాకా ఊరు మామూలుగానే ఉంది, అది గుర్తుంచుకోండి.

వాసనొస్తే దీపం, స్టౌ ఆర్పండి. రెగ్యులేటర్ కట్టేసి, తీసి, సిలిండర్‌కి ప్లాస్టిక్ మూత బిగించండి. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, వెలుగుతున్న లైటు ఆర్పడానికి కూడా. అందరూ బయటికొచ్చాకే ఫోన్ తియ్యండి.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లీకు చూడ్డానికి అగ్గిపుల్ల గియ్యొద్దు, సబ్బు నురగ రాయండి, బుడగలొస్తే లీకే. నారింజ రంగు గొట్టం ఐదేళ్ళకోసారి మార్చండి. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే వాడాలి, పడుకోబెడితే ద్రవమే బయటికొస్తుంది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యొద్దు, స్టౌ కట్టి మూత పెట్టండి. కాలిన చోట పేస్టూ సిరా రాయకుండా 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మంటలైతే 101, గ్యాస్ లీకైతే 1906. అర్ధరాత్రయినా ఎత్తుతారు.