గెకో పురుగుల్ని తింటుంది సరే, ఆ పురుగులు ఏం తిన్నాయి?

[కెమెరా ముందు, బల్ల మీద రెండు డబ్బాలు]

నమస్తే అండి. ఇంట్లో లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి ఉన్నవాళ్ల కోసం ఈ వీడియో. ట్యాంకు ఎంత ఉండాలి, వేడి ఎక్కడ పెట్టాలి, దాక్కోవడానికి ఏం పెట్టాలి, ఇవన్నీ మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. నేరుగా తిండి సంగతికి వద్దాం.

ఇక్కడ అమెరికాలో మన ఇళ్లల్లో పిల్లలు కుక్కపిల్ల కావాలని అడుగుతారు, మనం వద్దంటాం. పిల్లి అడుగుతారు, వద్దంటాం. చివరికి గెకో దగ్గర ఒప్పుకుంటాం. షాపు నుంచి దాంతో పాటు ఒక కీచురాళ్ల డబ్బా కూడా వస్తుంది. ఆ డబ్బాని గరాజ్‌లో ఒక మూల పెట్టి, రోజూ ఐదారు తీసి వేస్తాం. గెకో గబుక్కున పట్టుకుని తింటుంది. చూసి సంతోషిస్తాం. కొన్ని నెలలకి దాని కాళ్లు వంకర పోతాయి, దవడ మెత్తబడుతుంది, నడుస్తుంటే వేళ్లు వణుకుతాయి. అప్పుడు నాకు మెసేజ్ వస్తుంది: "తిండి బాగానే తింటోందండీ, మరి ఏమైంది?"

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ గెకో నిజంగానే బాగా తిన్నది. తిన్నవాటిలో ఏమీ లేదు, అంతే.

కజ్జికాయ తెలుసు కదా. పైన పిండి రేకు, లోపల కొబ్బరి, బెల్లం. లోపల ఏమీ పెట్టకుండా ఉత్త రేకు మడిచి వేయించి ఇస్తే చూడ్డానికి కజ్జికాయే. కొరికితే ఖాళీ. షాపు నుంచి వచ్చి నాలుగు రోజులు గరాజ్‌లో ఆకలితో ఉన్న కీచురాయి సరిగ్గా ఆ ఖాళీ కజ్జికాయ. ఈ వీడియో అంతా ఆ పూర్ణం గురించే.

[క్లోజప్: ఎడమ డబ్బాలో కీచురాయి, కుడి డబ్బాలో కీచురాయి]

దగ్గరగా చూడండి. ఎడమవైపుది నిన్న షాపులో కొన్నది. పొట్ట సన్నగా, రెండు పక్కలా లోపలికి పోయి ఉంది. కుడివైపుది రెండు రోజులుగా తింటున్నది. పొట్ట నిండుగా ఉబ్బి, కింద మడతల మధ్య లేత చర్మం కనిపిస్తోంది. రెండూ ఒకే జాతి, ఒకే వయసు. ఆ తేడా అంతా లోపలున్న తిండే. గెకో ఆ తిండిని కూడా కలిపి మింగుతుంది.

ఇప్పుడు రేకు సంగతి. కీచురాయి ఒంట్లో మాంసకృత్తులకి లోటు లేదు. లేనిది కాల్షియం. పురుగులకి మనలాగా ఎముకలు లేవు, బయట పెంకు ఉన్నా అది కాల్షియంతో కట్టింది కాదు. కీచురాయిలో కాల్షియం ఎంత ఉందో, దానికి దాదాపు 7 రెట్లు ఫాస్ఫరస్ ఉంటుంది. మీల్‌వార్మ్ అనే పెంకుపురుగు లార్వాలో అయితే 15 రెట్లకి పైనే. గెకోకి కావలసింది దీనికి తలకిందులు: ఫాస్ఫరస్ కంటే కాల్షియం ఎక్కువ, లేదా కనీసం సమానం. ఫాస్ఫరస్ మరీ ఎక్కువైతే ఉన్న కాస్త కాల్షియం కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఉండి తీరాలి. తిండిలో దొరకకపోతే ఒళ్లు దాన్ని ఎముకల నుంచి తీసుకుంటుంది. వంకర కాళ్లు, మెత్తబడ్డ దవడ అక్కడి నుంచే వస్తాయి. దీన్నే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు.

"మరి అడవిలో వాటికి కాల్షియం పొడి ఎవరు చల్లారండీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ రాళ్ల గుట్టల్లో తిరిగే లెపర్డ్ గెకో ఒకే రకం పురుగు తినదు. మిడత, పేడపురుగు, సాలీడు, ఏది దొరికితే అది తింటుంది. అవి ఒక్కోటి ఒక్కో ఆకు, ఒక్కో గింజ తిని ఉంటాయి, మట్టి కూడా అంటుకుని ఉంటుంది. అక్కడ ఏ కజ్జికాయా ఖాళీగా రాదు. మన ఇంట్లో ఆ పూర్ణం మనమే పెట్టాలి.

ఇక్కడే ఇంకో మాట. శాకాహారం తినే ఇళ్ల నుంచి తరచుగా ఒక ప్రశ్న వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారో నానమ్మగారో అడుగుతారు: "పాపం ఆ పురుగుల్ని ఎందుకు, దానికి క్యారెట్ తురుము, పెరుగన్నం పెట్టకూడదా?" ఆవిడ మనసు మంచిదే. కానీ లెపర్డ్ గెకోకి కూరగాయ అరిగించుకునే పొట్ట లేదు. కదిలేదాన్నే తిండిగా చూస్తుంది. పెరుగన్నం పెడితే దాని వంక కూడా చూడదు. క్యారెట్‌ని మాత్రం పారేయకండి. అది కీచురాయికి పెట్టండి. అమ్మమ్మగారు తరిగిన క్యారెట్ కీచురాయి పొట్టలోకి వెళ్తుంది, కీచురాయి గెకో పొట్టలోకి వెళ్తుంది. ఆవిడ పెట్టిందే అది తింటోంది అని చెప్పండి, అబద్ధం కాదు.

[కుడి డబ్బా మూత తీసి]

పూర్ణం ఎలా పెట్టాలో చూద్దాం. దీన్ని గట్ లోడింగ్ అంటారు. చాలామంది ఒక క్యారెట్ ముక్క వేసి గట్ లోడింగ్ అయిపోయింది అనుకుంటారు. క్యారెట్ వల్ల నీరు అందుతుంది, కెరోటిన్ అందుతుంది. కాల్షియం మాత్రం దాదాపు లేదు. కాల్షియం నిండాలంటే దాని కోసమే చేసిన పొడి కావాలి. గట్ లోడ్ అని అమ్ముతారు. కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి, కాల్షియం 8 శాతం దగ్గర ఉన్నది తీసుకోండి. 1 శాతం ఉన్నవి కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. నాకు అది అసలు నచ్చదు.

ఆ పొడితో పాటు ఆకుకూర వేయండి. ఇక్కడి కాలర్డ్ గ్రీన్స్, ఆవాకు మంచివి. మునగాకు పొడి ఇంట్లో ఉంటే కొంచెం కలపండి, కాల్షియం బాగా ఉన్న ఆకు. పాలకూర వద్దు, దానిలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

ఎప్పుడు? గెకోకి వేయడానికి రెండు రోజుల ముందు. అంతకంటే ముందు నుంచీ, రోజూ అదే పెడితే అంత కాల్షియంతో కీచురాళ్లే చచ్చిపోతాయి. మామూలు రోజుల్లో వాటికి గోధుమ తవుడు, ఓట్స్, కూరగాయ చెక్కులు చాలు. వేయబోయే వాటిని మాత్రం విడిగా ఇంకో డబ్బాలోకి తీసి, వెచ్చగా ఉంచి, ఈ పొడి పెట్టండి. వెచ్చదనం ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన మీల్‌వార్మ్ బిగుసుకుని ఉంటుంది, ఏమీ తినదు. దాన్ని తీసి ఇలా పొడిలో వేసి అలా గెకోకి పెడితే మళ్లీ ఖాళీదే పెట్టినట్టు. పొట్ట నింపిన పురుగుని మళ్లీ మర్నాటిదాకా ఊరికే ఉంచినా అంతే. పూర్ణం అప్పటికే అరిగి బయటికి పోతుంది.

[క్లోజప్: పొడి అద్దిన కీచురాయి]

ఇక పైన చల్లే పొడి. కజ్జికాయ మీద చక్కెర పొడి అద్దినట్టు. గ్లాసులో చిటికెడు కాల్షియం వేసి, పురుగుల్ని వేసి, ఒకసారి తిప్పండి. ఇప్పుడు ఇది చూడండి. ఇది చేస్తున్నది చూశారా? మీసాన్ని ముందు కాలితో వంచి, నోట్లోంచి లాగి శుభ్రం చేసుకుంటోంది. ఇప్పుడు రెండో మీసం. ఇంకాసేపు వదిలేస్తే చాలావరకు పొడి దులిపేసుకుంటుంది. అందుకే పొడి అద్దాక వెంటనే, గెకోకి ఆకలిగా ఉన్న సాయంత్రం వేళ, రెండు రెండుగా వేయండి. పది ఒకేసారి వేసి వెళ్లిపోవద్దు.

డి3 విటమిన్ లేకపోతే పేగులు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేవు. యూవీబీ దీపం, అంటే అతినీలలోహిత కాంతినిచ్చే దీపం ఉంటే గెకో కొంత తానే తయారు చేసుకుంటుంది. లేకపోతే డి3 కలిసిన పొడి వాడాలి. అలాగని ప్రతి పూటా గుప్పెడు వేయకండి, డి3 ఒంట్లో పేరుకుపోతుంది. మల్టీవిటమిన్ వారానికి ఒకసారి. అందులో రెటినాల్ రూపంలో విటమిన్ ఏ ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఈ పురుగుల్లో అది చాలా తక్కువ. అది లోపిస్తే కళ్లకి, కుబుసం విడవడానికి ఇబ్బంది వస్తుంది.

ఏ పురుగు మంచిది? అన్నీ కొంచెం కొంచెం. వ్యాక్స్‌వార్మ్ అనే లావుపాటి చిమ్మెట లార్వా మాత్రం ఎప్పుడో ఒకసారి. బరువులో పావు వంతు కొవ్వే, అంటే కజ్జికాయ కంటే నూనే ఎక్కువన్నమాట. గెకోలు దానికి అలవాటు పడితే వేరేవి ముట్టవు. బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా వీటన్నిటికీ మినహాయింపు. దానిలో సహజంగానే ఫాస్ఫరస్ కంటే కాల్షియం ఎక్కువ. అది పూర్ణంతో పుట్టిన పురుగు. నాకు చాలా ఇష్టం.

టైమ్ అయిపోతోంది, ఈ పురుగుల్ని ఇంట్లో పెంచడం గురించి త్వరగా చెప్పేస్తాను.

అన్నిటికంటే తేలిక మీల్‌వార్మ్. మూడు ప్లాస్టిక్ డబ్బాలు: పురుగులకి ఒకటి, ప్యూపాలకి ఒకటి, పెంకుపురుగులకి ఒకటి. రెండు మూడు అంగుళాల గోధుమ తవుడు, పైన క్యారెట్ ముక్క. ప్యూపాల్ని వెంటనే వేరు చేయండి, లేకపోతే మిగతావి కొరికి తింటాయి. పెంకుపురుగులు తవుడులోనే గుడ్లు పెడతాయి. రెండు వారాలకోసారి వాటిని కొత్త తవుడులోకి మార్చి, పాతది కదపకుండా ఉంచండి. అందులోంచి పిల్లలు వస్తాయి. బూజు పట్టిన ముక్క కనిపిస్తే ఆ రోజే తీసేయండి.

డూబియా బొద్దింకలు. బొద్దింక అనగానే ఇంట్లో గొడవ అవుతుందని తెలుసు. ఇవి నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, కూయవు, కీచురాళ్లంత కంపు కొట్టవు. గుడ్ల అట్టలు నిలబెట్టి 85 నుంచి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఇస్తే నేరుగా పిల్లల్నే పెడతాయి. నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు అనుమతి లేకుండా పెంచకండి, అక్కడ చట్టం ఒప్పుకోదు.

కీచురాళ్లకి పని ఎక్కువ. తడి కొబ్బరి పొట్టులో గుడ్లు పెడతాయి, 90 డిగ్రీల దగ్గర పది రోజులు, రెండు వారాల్లో పొదుగుతాయి. గాలి ఆడకపోతే మూకుమ్మడిగా చస్తాయి. కొన్నేళ్ల కిందట ఒక వైరస్ అమెరికాలో పెద్ద పెద్ద కీచురాళ్ల ఫారాలనే ఖాళీ చేసింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల చారల కీచురాయి అనే వేరే జాతిని అమ్ముతున్నారు. గిన్నెలో నీళ్లు పెట్టకండి, పిల్లలు మునిగిపోతాయి. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఎండాకాలం డబ్బాలు గరాజ్‌లో ఉంచొద్దు. ఎండకి పోతాయి, లేదా ఫైర్ యాంట్స్ పట్టేస్తాయి. ఆ చీమలు పట్టిన డబ్బాలో తెల్లారేసరికి ఏమీ మిగలదు.

చివరిగా గబగబా. పురుగు సైజు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్ల గెకోకి రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి. తినని కీచురాళ్లని ట్యాంకులో వదిలేయకండి, నిద్రపోతున్న గెకో వేళ్లు, తోక కొరుకుతాయి. పెరట్లో పట్టినవి వద్దు, పురుగుల మందు తిని ఉంటాయి. మిణుగురు పురుగు అయితే అసలే వద్దు. ఇక్కడి మిణుగురుల్లో బల్లి జాతిని చంపే విషం ఉంది, ఒక్కటి చాలు. గెకోని, పురుగుల్ని ముట్టుకున్నాక పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది.

వణుకు, మెత్తటి దవడ, నడవలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా పొడి ఎక్కువ వేసి సరిచేద్దాం అనుకోకండి. సరీసృపాల్ని చూసే వెట్ దగ్గరికి అదే వారం తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మీరు వాడే పొడి డబ్బాలు కూడా పట్టుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.

క్రెస్టెడ్ గెకో ఉన్నవాళ్లు ఇది అలాగే పాటించకండి. అది పండ్ల పొడి తినే జాతి, దాని లెక్కే వేరు. దాని మీద వచ్చే వీడియోలో మాట్లాడదాం.