మా ఊరి బార్బెక్యూ సాస్, మన చింతపండుతో

నమస్తే అండీ! పోయిన వీడియోలో చికెన్ ముక్కలకు పూసిన ఆ నిగనిగలాడే సాస్ ఏమిటని గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసి మరీ అడిగింది. పిన్నీ, ఈ వీడియో నీ కోసమే.

అది బార్బెక్యూ సాస్, అంటే నిప్పుల మీద కాల్చే మాంసానికి పూసే సాస్. అమెరికా అంతా ఒకే రకం అనుకోకండి. నార్త్ కరోలినా తూర్పు వైపు టమాటా వేయనే వేయరు, వెనిగర్, మిరప అంతే. సౌత్ కరోలినాలో ఆవాల ముద్దతో పసుపు రంగులో చేస్తారు. ఉత్తర అలబామాలో మయొనైజ్‌తో తెల్లగా ఉంటుంది. మేముండే కాన్సాస్ సిటీది టమాటాతో చిక్కగా, తియ్యగా ఉంటుంది. ఇంత తీపి మొదట్లో లేదట. 1908 ప్రాంతంలో ఇక్కడ హెన్రీ పెర్రీ అనే ఆయన పొగ మీద కాల్చిన మాంసాన్ని వార్తాపత్రిక కాగితంలో చుట్టి అమ్మేవాడు. ఆయన సాస్ మంచి ఘాటు! ఆ సంగతి తెలిశాక ఈ ఊరు నాకు ఇంకొంచెం దగ్గరైంది.

దుకాణంలో సీసా మూడు డాలర్లు, అంటే రెండు వందల యాభై రూపాయల పైమాటే. చాలా సీసాల మీద పదార్థాల్లో మొదటి పేరు మొక్కజొన్న సిరప్. అందుకే ఇంట్లోనే చేస్తాను.

రెండు కప్పుల కెచప్, అర కప్పు యాపిల్ వెనిగర్, అర కప్పు బెల్లం తురుము. రెండు చెంచాల మొలాసిస్, అంటే చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం, కాస్త చేదుగా ఉంటుంది. ఆవపిండి, వెల్లుల్లి పొడి, మిరియాలు, కారం. ఇక్కడివాళ్లు ఇందులో వూస్టర్‌షైర్ సాస్ అని ఒకటి వేస్తారు. దాని సీసా తిప్పి చదివితే చిన్న చేపలతో పాటు చింతపండు కూడా కనిపించింది! నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అత్తగారు చేప తినరు కాబట్టి నేను నేరుగా చింతపండు గుజ్జే వేస్తున్నాను.

సన్నని సెగ మీద అరగంట. వెనిగర్ ఆవిరి కళ్లకు తగులుతుంది, గిన్నె మీదికి వంగకండి. మొదట నీళ్లగా ఉడుకుతుంది, తర్వాత బుడగలు బరువెక్కి టప్ టప్ మని చిందుతాయి. గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత అలాగే నిలవాలి, పులిహోర పులుసుకు చూసుకుంటామే, అలా.

ఈ దశలో అమ్మకు ఫోన్ చేసి రంగు చూపించాలనిపిస్తుంది. ఇక్కడ శనివారం సాయంత్రం ఐదు, అక్కడ తెల్లవారుజామున మూడున్నర. ఎవరిని లేపుతాం? ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే బాగుందని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. అందుకే మీకు చూపిస్తున్నాను.

అన్నట్టు, మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గుల పొయ్యి పెట్టనివ్వరు. ఈత కొలను పక్కన అందరికీ కలిపి ఒక గ్రిల్ ఉంటుంది, వేసవి శనివారాల్లో దాని ముందు వరుస కట్టాల్సిందే. ఆ వరుసలోనే కింది అంతస్తు పెద్దాయన నా సాస్ రుచి చూసి, ఇప్పుడు ఖాళీ సీసా పట్టుకుని వస్తున్నారు. కాన్సాస్ సిటీలో పుట్టి పెరిగిన మనిషండీ!

పిన్నీ, ఒక్కటి గుర్తుపెట్టుకో. ముందే పూస్తే తీపి మాడి చేదెక్కుతుంది. ముక్క ఉడికాక, చివరి పది నిమిషాల్లో రెండుసార్లు పూయి. గ్రిల్ లేకపోతే పెనం చాలు. మిగిలింది గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వస్తుంది.