నేనెవర్నో నాకే తెలియట్లేదు నాన్నా!

యాంకర్: హలో, నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: నరసరావుపేట నుంచండీ.

యాంకర్: మీ టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి సార్. ఆ, ఇప్పుడు చెప్పండి, సైకాలజిస్ట్ మేడమ్ వింటున్నారు.

కాలర్: మావాడు ఇంజినీరింగ్ సెకండియర్ మేడమ్. ఎనిమిదో తరగతి నుంచీ కంప్యూటర్ సైన్సే అనేవాడు. ఇప్పుడేమో మానేస్తానంటాడు. ఓ నెల ఫొటోగ్రఫీ, ఓ నెల గ్రూప్స్. మొన్న "నేనెవర్నో నాకే తెలియట్లేదు నాన్నా" అన్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉందండీ.

మేడమ్: ఎనిమిదిలో కంప్యూటర్ సైన్స్ అన్నది అబ్బాయా, మీరా?

కాలర్: (కాస్త ఆగి) ఫౌండేషన్ కోర్సులో మేమే చేర్పించామనుకోండి.

మేడమ్: అదీ సంగతి. జేమ్స్ మార్సియా అనే సైకాలజిస్ట్ 1966లో కాలేజీ కుర్రాళ్ల గురించి రాస్తూ రెండు విషయాలు చూశాడు. దారులు వెతికారా, ఒకదానికి కట్టుబడ్డారా అని. వెతక్కుండానే పెద్దవాళ్ల నిర్ణయానికి కట్టుబడిపోతే ఫోర్‌క్లోజర్. వెతుకుతూ ఇంకా తేల్చుకోకపోతే మారటోరియం. రెండూ మీరు బ్యాంకులో వినే మాటలే! మీ అబ్బాయి మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి వచ్చాడు. మొదటిది ఇంట్లోవాళ్లకి హాయిగా ఉంటుంది, అంతే.

కాలర్: మారటోరియం ఎన్నాళ్లండీ? కాలేజీ ఫీజులకి వాయిదా ఉండదు కదా.

మేడమ్: (నవ్వుతూ) నిజమే. ఆ మాట ఈ అర్థంలో ముందు వాడింది ఎరిక్ ఎరిక్సన్ అనే సైకాలజిస్ట్. ఐడెంటిటీ క్రైసిస్, అంటే మీవాడన్న 'నేనెవర్ని' అనే తికమక, ఆ మాటా ఆయనదే. ఆయన్ని పెంచిన తండ్రి పిల్లల డాక్టరు, కొడుకూ డాక్టరవ్వాలని పట్టు. ఈయన బొమ్మలు గీసుకుంటూ యూరప్‌లో తిరిగాడు. 1927లో వియన్నాలో ఒక చిన్న బళ్లో పాఠాలు చెప్పడానికి కుదిరేసరికి ఆయనకి పాతికేళ్లు వచ్చాయి. మీవాణ్నీ అన్నాళ్లు తిరగనివ్వమనట్లేదు లెండి.

కాలర్: మరేం చేయమంటారు?

మేడమ్: కాలేజీ ఇప్పుడే మానిపించకండి. "నోర్మూసుకుని చదువు" అనీ అనకండి. సెలవుల్లో ఏ ఫొటో స్టూడియోలోనో పనికి పంపండి. నాలుగు పెళ్లిళ్లకి తెల్లార్లూ కెమెరా మోస్తే ఇష్టమెంతో తనకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం గమనించండి. తిండీ నిద్రా తగ్గినా, బతికేం లాభమన్నా ఆలస్యం చేయొద్దు. టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఉచితం.

కాలర్: అలాంటి మాటలేం లేవండీ. కెమెరా కొనమంటున్నాడు, అరవై వేలట.

మేడమ్: కొనకండి! ముందు అద్దెకి తెచ్చుకోమనండి.

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు... హలో?