దుప్పటి తొలగించి పాదం తాకండి

అధ్యక్షులకు, అత్యవసర విభాగంలో పనిచేస్తున్న వైద్యులకు, నర్సులకు నమస్కారం. రక్తనాళాల అత్యవసర స్థితులన్నిటి గురించీ మాట్లాడమని నిర్వాహకులు కోరారు గానీ, నా సమయంలో ఎక్కువ భాగం రక్తపు గడ్డ అడ్డుపడి హఠాత్తుగా రక్తం అందకుండా పోయిన కాలి మీదే గడిచిపోతుందని ముందే మనవి చేస్తున్నాను.

హఠాత్తుగా కాలు నొప్పి అంటూ వచ్చిన రోగికి నడుములో నరం నొక్కుకుపోయిందని భావించి, ఎక్స్‌రేలు తీయించి, పాదం మొద్దుబారి కదలిక పోయాక రక్తనాళాల వైద్యులమైన మమ్మల్ని పిలవడం పదే పదే చూస్తున్నాను. ఆ కేస్‌షీట్లలో ‘నాడులన్నీ అందుతున్నాయి’ అని చక్కని దస్తూరీతో రాసి ఉంటుంది. దుప్పటి తొలగించకుండానే ఆ వాక్యం రాసేవారి మీద నాకున్న కోపాన్ని ఈ వేదిక మీద కూడా దాచుకోలేను.

మీరంతా ఇప్పుడే చీలమండ లోపలి ఎముక వెనుక వేళ్లు పెట్టి చూడండి. అందిందా? అందింది రోగి నాడో, మన వేలికొనలో కొట్టుకునే నాడో తేలనప్పుడు రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్ పరికరం తెప్పించుకోవాలి. నొప్పి, పాలిపోవడం, చల్లబడటం, నాడి అందకపోవడం, తిమ్మిరి, చచ్చుబడటం అని మనమంతా వల్లెవేసిన ఆరు లక్షణాలూ పూర్తయ్యే దాకా ఆగకండి. రక్తం పూర్తిగా ఆగిన కండరానికి సుమారు 6 గంటల్లో కోలుకోలేని నష్టం జరుగుతుంది, చివరి రెండు లక్షణాలూ కాలు చేజారుతోందని చెబుతాయి. శస్త్రవైద్యుడు థామస్ ఫోగార్టీ బెలూన్ కాథెటర్ (కొసన ఉబ్బే బుడగ ఉన్న సన్నని గొట్టం) 1963లో వెలువడిన నాటి నుంచి చిన్న కోతతో గడ్డను లాగివేయగలుగుతున్నాం కనుక, లోటు చికిత్సలో లేదు.

ఇతర అవస్థల గురించి క్లుప్తంగా చెబుతాను. చల్లబడిన కాలితో పాటు ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి ఉంటే, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చే ముందు బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళం) చీలికను అనుమానించి రెండు చేతుల్లోనూ రక్తపోటు చూడాలి. రెండూ సమానంగా ఉన్నంత మాత్రాన చీలిక లేదనుకోరాదు. వయసు మళ్లిన వ్యక్తికి మొదటిసారి ‘కిడ్నీ రాయి నొప్పి’ వస్తే, పొట్ట మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి బృహద్ధమని ఉబ్బిందేమో చూడాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉన్న రోగి కడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్నా పొట్ట మెత్తగానే ఉంటే, పేగుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమోనని అనుమానించి, రక్తంలో లాక్టేట్ (కణజాలానికి రక్తం అందనప్పుడు పెరిగే పదార్థం) మామూలుగా ఉందని ఊరుకోకుండా, రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్‌కు పంపాలి.

మళ్లీ కాలి దగ్గరికే వస్తున్నాను, మన్నించాలి. రోగి రాగానే తీవ్రతను అంచనా వేసి నింపే ట్రయాజ్ పత్రంలో నాడులకు ఉన్న ఒకే గడిని కొట్టివేసి గజ్జ, మోకాలి వెనుక, చీలమండ, పాదం పైభాగం అని కుడికి నాలుగు, ఎడమకు నాలుగు గడులు వేయించండి; పక్కన పరీక్షించిన సమయమూ, పరీక్షించినవారి సంతకమూ ఉండాలి.